గోడ మీద కాలువ

జగన్మోహనరావు గారి కాలువలో నీళ్లు ఎప్పుడూ తగ్గవు. ఎంత ఎండాకాలమైనా ఆయన ల్యాప్‌టాప్ తెరిచాడంటే చాలు, గోడ మీద గట్టు తెగుతుందేమో అన్నంత నిండుగా పారుతుంది. నీళ్ల పక్కన ఒక తెల్ల కొంగ వచ్చి వాలుతుంది. వెనక వేణువు మోగుతుంది. ఆ తర్వాత అక్షరాలు ఒక్కొక్కటే గిరగిరా తిరుగుతూ నాలుగు మూలల నుంచీ వచ్చి, ఒకదాన్నొకటి తోసుకుని, చివరికి ‘ఆఖరి ఎకరం దాకా నీరు’ అని వరుసలో నిలబడతాయి. అవి నిలబడగానే కంప్యూటర్‌లోంచి చప్పట్లు వినిపిస్తాయి. సభలో ఎవరూ కొట్టకపోయినా లోటు రాకుండా ఆయన ఆ ఏర్పాటు కూడా చేసుకున్నాడు.

మూడో వరసలో కూర్చున్న సుజనకు ఆ చప్పట్లు వినగానే ఒళ్లు మండింది. ఆమె బాన్సువాడలోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. తన విద్యార్థులెవరైనా స్లైడులో అక్షరాలను ఇలా గిరగిరా తిప్పితే మార్కులు కోస్తుంది. చెప్పడానికి ఏమీ లేనివాళ్లే అక్షరాలను తిప్పుతారని ఆమె నమ్మకం. జగన్మోహనరావు కాలువ ఆఫీసులో పెద్ద ఇంజినీరు. ఆయనకు మార్కులు కోసేవాళ్లు లేరు కాబట్టి అక్షరాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

సభ జరుగుతున్నది ఒక పెండ్లిళ్ల హాల్లో. నిన్నటి పెండ్లి బంతిపూలు గుమ్మానికి వాడిపోయి వేలాడుతున్నాయి. పెండ్లికొడుకునూ పెండ్లికూతురునూ కూర్చోబెట్టే ఎర్ర మఖమలు సోఫాను వేదిక మీద నుంచి దించి ముందు వరసలో వేశారు. అందులో ఒక పక్క జగన్మోహనరావు, ఇంకో పక్క జిల్లా నుంచి వచ్చిన పై అధికారి వెంకట్రాములు కూర్చున్నారు.

“జోడి మంచిగ కుదిరింది,” అంది సుజన వెనక కూర్చున్న చాంద్రి, పక్కామెతో గుసగుసగా. ఆ గుసగుస నాలుగు వరసలకు వినిపించింది.

చాంద్రిదీ సుజన వాళ్లదీ ఒకే ఊరు, దోనిపల్లి. నస్రుల్లాబాద్ దిక్కున ఉపకాలువ ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఉంటుంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఉపకాలువ ముగుస్తుందని కాగితం మీద ఎక్కడ రాసి ఉందో అక్కడ. నీళ్లు మాత్రం చాలా ముందే ముగిసిపోతాయి. ఆ ఏడు యాసంగి వరి పొట్టకొచ్చింది. ఇప్పుడు ఒక్క తడి అందితే కంకి పాలు పోసుకుంటుంది. అందకపోతే తాలు. సుజన తండ్రి పండరికి ఉన్నదంతా ఆ మళ్లే. ఊళ్లో మిగతావాళ్లకైనా అంతే. చివరి ఊరిదాకా నీళ్లు చేరాయని ఈ సభ ఒప్పుకుంటే, సాయంత్రానికల్లా తూము మూసి, మిగిలిన నీళ్లను ఇంకో కాలువకు తిప్పేస్తారు. చేరలేదని తేలితే ఆ నీళ్లు ముందు దోనిపల్లికి రావాలి. తేల్చవలసింది అంతే.

అంత చిన్న విషయం తేల్చడానికి బాన్సువాడ నుంచి ఊరి దాకా జీపులో ఒక్కసారి పోయి చూస్తే సరిపోతుంది. కానీ జగన్మోహనరావు గారికి కళ్లతో చూసే పద్ధతి నచ్చదు. రెండు వారాల కింద పండరి ఎండిన వరి మొదళ్లను పీకి, కట్ట కట్టుకుని ఆఫీసుకు పోయాడు. ఆయన ఆ కట్టను బల్ల మీద పెట్టనివ్వలేదు.

“గడ్డి మోసుకొస్తే ఏం తెలుస్తుందయ్యా? రోజులు మారాయి. మీరూ ఒక ప్రెజెంటేషన్ ఇవ్వండి. అందులో లేని సంగతి రికార్డుకు ఎక్కదు,” అన్నాడు.

పండరి ఇంటికొచ్చి కూతుర్ని అడిగాడు: “ప్రెజెంటేషన్ అంటే ఏంది బిడ్డ? గదిస్తే నీళ్లిస్తరట.”

అట్లా సుజన ఆ పనికి దిగింది. బస్టాండు దగ్గర పెండ్లి వీడియోలు తీసే ఆరిఫ్‌ను ఊరికి తీసుకుపోయింది. అతను కెమెరా భుజాన పెట్టుకుని, పెండ్లి బరాత్ ముందు వెనక్కి నడిచినట్టు, ఎండిన కాలువ అడుగున వెనక్కి నడుచుకుంటూ తీశాడు. పగుళ్లు తీశాడు. పగుళ్లలో మొలిచిన తుమ్మ మొక్కను తీశాడు. కాలువలో మేస్తున్న చాంద్రి మేకలను తీశాడు. అప్పుడే అనుకోని అతిథులు వచ్చారు. గట్టు మీది బాట గుంతలమయం కాబట్టి, కాలువ ఆఫీసు జీపు కాలువలోకే దిగి, నున్నటి ఇసుక మీద దుమ్ము లేపుకుంటూ వస్తోంది. మేకలు అడ్డం వస్తే హారన్ కొట్టింది. వెనక సీట్లోంచి అసిస్టెంట్ ఇంజినీరు రాజీవ్ తల బయట పెట్టి, “ఏ, మేకలను జరుపుండ్రి, బండి పోవాలె!” అని అరిచాడు. ముందు సీట్లో జగన్మోహనరావు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. జీపు ఎగిరినప్పుడల్లా ఆయన తల ఊగుతోంది. ఆరిఫ్ కెమెరా దించలేదు. మొత్తం పట్టాడు.

ఆ వీడియోకు ముందు నాలుగు స్లైడులు పెట్టింది సుజన. ఏ మడిలో ఎప్పుడు నాట్లు వేశారో, చివరి తడి ఎప్పుడు అందిందో, అంతే. ఒక్క అక్షరం కూడా తిరగదు. స్లైడులనూ వీడియోనూ పక్కపక్కనే ఒక సీడీలో ఎక్కించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పొద్దున హాలుకు రాగానే రాజీవ్ చేతికిచ్చింది. పెద్ద ఇంజినీరు ల్యాప్‌టాప్‌ను నడిపేది అతనే. ప్రొజెక్టరు దగ్గర కూర్చునే అధికారమూ అతనిదే.

దోనిపల్లి వంతు వచ్చింది. సుజన లేచి చెప్పింది. నాలుగు స్లైడులూ బాగానే నడిచాయి. జగన్మోహనరావు ఆ సేపంతా తన సెల్‌ఫోన్‌కు తొడిగిన తోలు సంచిని విప్పుతూ, మూస్తూ ఉన్నాడు. ఐదో స్లైడు వచ్చింది. వీడియో ఉండవలసిన చోట తెల్లటి డబ్బా ఒకటి కనిపించింది. రాజీవ్ దాని మీద నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. తలుపు తీయనివాళ్ల ఇంటి ముందు నిలబడి కొట్టినట్టు టకటకా నొక్కాడు.

“కోడెక్ లేదు మేడం దీనికి,” అన్నాడు. కొంచెం ఆగి, “వైరస్ కూడ ఉన్నట్టుంది,” అన్నాడు.

ఏమిటో తెలియని జబ్బుకు పేర్లు పెట్టే మనుషులంటే సుజనకు అసహ్యం. ల్యాప్‌టాప్ దగ్గరికి నడిచింది.

“సీడీలకెళ్లి ఏమేం కాపీ చేసిన్రు?”

“స్లైడ్ షో చేసిన గద. వీడియో దాంట్లనే ఉంటది.”

“దాంట్ల ఉండది. ఫలానా చోట ఉన్నదని గుర్తు మాత్రమే ఉంటది. పెండ్లి పత్రికల ఫంక్షన్ హాలు పేరుంటది, హాలు ఉంటదా? రెండిటినీ ఒక్క తాన పెట్టాలె. సీడీ ఏది?”

“దీంట్లనే ఉన్నది,” అన్నాడు రాజీవ్, ల్యాప్‌టాప్ పక్కన తట్టి. డిగ్రీలో తన దగ్గర చదివే పిల్లలు ఈ తప్పు చేస్తే సుజన గంటసేపు తిడుతుంది. ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న మనిషిని తిట్టడానికి ఆమెకు వీల్లేదు.

వీడియోను కాపీ చేయమంది. ఆకుపచ్చ గీత సగం దాకా పోయి ఆగిపోయింది. సీడీ లోపల గరగరా తిరుగుతోంది, పప్పు లేకుండా తిరుగుతున్న విసుర్రాయిలాగా. కాసేపటికి చదవడం కుదరదని తెర మీద పడింది. సుజన సీడీని బయటికి తీసి తిప్పి చూసింది.

మెరిసే వైపు, అంచు దగ్గర, ముచ్చటగా పసుపు పూసి, దాని నడుమ గుండ్రంగా కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

ప్రొజెక్టరు వెలుగు దాని మీద పడి హాల్లో అందరికీ కనిపించింది. మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత కాలువ ఆఫీసు మనుషులంతా నవ్వారు. అందరికన్నా ఎక్కువ జగన్మోహనరావు నవ్వాడు. నవ్వుతూ పక్కనున్న పై అధికారి మోకాలు తట్టబోయి, హోదా గుర్తొచ్చి, తన మోకాలే తట్టుకున్నాడు.

“చూశారా సార్? వీళ్లతో ఇరవై ఏళ్లుగా వేగుతున్నాను. సీడీకి బొట్టు పెడితే కాలువలో నీళ్లొస్తాయనుకున్నారు!”

ఆడవాళ్ల వరసలోంచి పోసవ్వ లేచి నిలబడింది. పోసవ్వ సుజన తల్లి. ఆమెకు నవ్వు ఎందుకో అర్థం కాలేదు గానీ తప్పు తనదేనని అర్థమైంది.

“నేనే పెట్టిన బిడ్డ. పని మీద పోతున్నది గద అని, ఇంట్లకెళ్లి తీసేముందు బొట్టు పెట్టిన. నాగలికి పెట్టమా, బండికి పెట్టమా? మొఖం ఎటు దిక్కో తెల్వలే. మెరిసే దిక్కే మొఖం అనుకున్న.”

నవ్వు ఇంకాస్త పెరిగింది. సుజనకు ఒక్క క్షణం తల్లి మీదే కోపం వచ్చింది. ఆ తర్వాత, నవ్వుతున్న ఆ మొహాలను ఒక్కొక్కటే చూసింది. వీళ్లలో దసరా నాడు తన మోటారు సైకిలుకు బొట్టు పెట్టనివాడు ఎవడు? బయట నిలబెట్టిన జగన్మోహనరావు జీపుకు ముందు నిమ్మకాయా, మిరపకాయలూ వేలాడుతున్నాయి. ఆయన ఆఫీసులో కొత్త కంప్యూటరు దిగిన రోజున కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు కీబోర్డు మీద చల్లితే, దాన్ని బాగు చేయడానికి మనిషి కోసం సుజన పనిచేసే కాలేజీకే కబురొచ్చింది. పోసవ్వ చేసిన తప్పల్లా సీడీకి మొహం ఎటుందో తెలియకపోవడం.

“కూసో అవ్వ. ఏం కాలే,” అంది సుజన. అని, తుడవడానికి చీర కొంగు తీసుకుంది. పసుపు రేణువు గీరితే సీడీ పాడవుతుందని తెలుసు. కొంగు గంజి పెట్టి బిరుసుగా ఉంది. ఏం చేయాలా అని చూస్తుంటే, సోఫాలోంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. వెంకట్రాములు తన కళ్లజోడు పెట్టెలోంచి మెత్తటి గుడ్డ తీసి ఆమెకు అందిస్తున్నాడు.

జగన్మోహనరావు నవ్వు సగంలో ఆగింది. పై అధికారి నవ్వడం లేదని ఆయన అప్పుడే చూసుకున్నాడు. మిగతావాళ్లు ఆయనను చూసి ఆపారు. అంత క్రమశిక్షణ ఆ ఆఫీసులో ఇంకే పనిలోనూ కనిపించదు.

సుజన సీసాలోని నీళ్లతో గుడ్డను కాస్త తడిపి, సీడీ నడుమ నుంచి అంచు వైపుకు, మెల్లగా, ఒక్క దిక్కుకే తుడిచింది.

“గట్లనే అక్క, గుండ్రంగ తిప్పకు,” అన్నాడు గోడకు ఆనుకున్న ఆరిఫ్. “ఇంగ చూస్కో, కొత్త పెండ్లికూతురు లెక్క మెరుస్తుంది.”

ఈసారి ఆకుపచ్చ గీత ఆగకుండా చివరిదాకా పోయింది. స్లైడులూ వీడియో ఒకే చోట చేరాయి. సుజన నొక్కింది. ల్యాప్‌టాప్ తెర మీద కాలువ పగుళ్లు, తుమ్మ మొక్క, మేకలు, అన్నీ కదలడం మొదలుపెట్టాయి. ఆమె ఊపిరి పీల్చుకుని గోడ వైపు చూసింది.

గోడ మీద నల్లటి డబ్బా ఉంది. దాని చుట్టూ స్లైడు ఉంది, పైన ‘దోనిపల్లి’ అన్న పేరు ఉంది, నడుమ వీడియో ఉండవలసిన చోట చీకటి ఉంది. మాట మాత్రం వస్తోంది. చీకట్లోంచి మేకలు అరిచాయి. తర్వాత జీపు హారన్ మోగింది.

“ఇదా మీ కాలువ?” అన్నాడు జగన్మోహనరావు. తన జీపు హారన్‌ను ఆయన గుర్తుపట్టలేదు. అది మోగిన రోజు ఆయన నిద్రలో ఉన్నాడు.

కానీ రాజీవ్ గుర్తుపట్టాడు. అతను ల్యాప్‌టాప్ ఎదురుగా కూర్చున్నాడు. దుమ్ములోంచి జీపు రావడం అతనికి కనిపిస్తోంది. ఇంకో క్షణంలో తన తలకాయ బయటికొస్తుందని కూడా తెలుసు. చటుక్కున ఆపేశాడు.

“ఇది ప్రొజెక్టర్‌కు పడది మేడం. ఈ రకం వీడియో పడది.”

“ల్యాప్‌టాప్‌ల వస్తుంది గద. రెండు తెరలకు ఒక్కపారే పంపితే వీడియో ఒక్క తెరనే పట్టుకుంటది. సెట్టింగులు తెరువుండ్రి, నేను మారుస్త.”

తెరిచాడు. మార్చబోతే పాస్‌వర్డ్ అడిగింది.

“పాస్‌వర్డ్ జిల్లా ఆఫీసుల ఉంటది. మాకు ఇయ్యరు,” అన్నాడు రాజీవ్, మొహం మీద ఎంతో విచారం పెట్టుకుని. ఆ విచారం చూస్తే సుజనకు అతని చెంప పగలగొట్టాలనిపించింది. ఏదో దాస్తున్నాడు. ఎందుకో ఆమెకు తెలుసు, ఏమిటో తెలియడం లేదు.

హాలు వెనక నుంచి బగారా అన్నం వాసన వస్తోంది. కొందరు అప్పుడే లేచి ఆ దిక్కు చూస్తున్నారు. జగన్మోహనరావు చేతి గడియారం చూసుకున్నాడు.

“సరేనమ్మా, ప్రయత్నం చేశావు. సమయం కూడా ముఖ్యమే కదా. ‘దోనిపల్లి వారి వీడియో సాంకేతిక కారణాల వల్ల ప్రదర్శింపబడలేదు’ అని రాసుకోండయ్యా. మన నివేదిక ప్రకారం ఆఖరి ఎకరం దాకా…”

పండరి లేచాడు. పొద్దుటి నుంచీ ఒక్క మాట మాట్లాడని మనిషి.

“సారు, గోడ మీద రాకుంటే రాకపాయె. నేను చెప్త వినుండ్రి. నేను రోజు చూస్తున్న గద. మా తాన నీళ్లు లెవ్వు.”

“పండరీ, నీకు చెప్పాను కదా. నోటి మాట నేనెక్కడ రాయను?”

“గా కొంగ చెప్పింది రాసుకున్నరు గద సారు.”

చాంద్రి పకాలున నవ్వింది. జగన్మోహనరావు మొహం ఎర్రబడింది. ఏదో అనబోతుంటే, పక్కన సోఫా కిర్రుమంది. వెంకట్రాములు లేస్తున్నాడు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. సోఫా చెయ్యి పట్టుకుని, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు సర్దుకుని నిలబడ్డాడు.

“ఆ చిన్న తెర మీద కనిపిస్తోందిగా. నేనే అక్కడికొచ్చి చూస్తాను,” అన్నాడు.

ఇక్కడే జగన్మోహనరావు గారి జీవితమంతా ఆయనకు అడ్డం తిరిగింది. ఇన్నేళ్లుగా ఆయన నేర్చుకున్న విద్య ఒక్కటే: పై అధికారి నిలబడకూడదు, వంగకూడదు, ఎండలోకి పోకూడదు, జనం మధ్య నలగకూడదు. అప్పటికే రైతులు ల్యాప్‌టాప్ చుట్టూ మూగుతున్నారు. కాళ్లకు మట్టి, చంకలో తువ్వాళ్లు. వాళ్ల భుజాల మీదుగా పై అధికారి మెడ చాచి చూడటమా? అది కళ్లారా చూస్తూ తను కూర్చోవడమా? ఆయన ప్రాణం కొట్టుకుపోయింది.

“సార్! సార్! మీరు కూర్చోండి సార్! మీరు నిలబడటమేంటి సార్!” అని రెండు చేతులూ అడ్డం పెట్టి, రాజీవ్ వైపు తిరిగి గర్జించాడు. “ఏం చేస్తున్నావయ్యా? సార్‌ను నిలబెడతావా? గోడ మీద రావాలి. ఇప్పుడే రావాలి!”

“సార్, అది… వద్దు సార్…”

“వద్దేంటి? పొద్దున మన వీడియో రాలేదా? అదెట్లా వచ్చింది? అట్లాగే పెట్టు!”

రాజీవ్ పెద్ద ఇంజినీరు వైపు చూశాడు. కళ్లతో ఏదో చెప్పాలని చూశాడు. జగన్మోహనరావుకు కళ్లతో చెప్పేది ఏనాడూ అర్థం కాలేదు.

“పెట్టమంటున్నానా!”

అప్పుడు సుజనకు తట్టింది. పొద్దున కొంగా వేణువూ నడిచినంత సేపూ ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉంది. రాజీవ్ గోడ వైపు చూస్తూనే మౌస్ కదిపాడు. అంటే అతను ఆ తెరను ఆర్పేసి, బొమ్మను గోడకు ఒక్కదానికే పంపాడు. పట్టుకోవడానికి ఇంకో తెర లేకపోతే వీడియో గోడ మీదికే పోతుంది. పాస్‌వర్డూ అక్కర్లేదు, జిల్లా ఆఫీసూ అక్కర్లేదు. రెండు మీటలు నొక్కితే అయ్యే పని. అది అతనికి తెలుసు. పొద్దున తనే చేశాడు. ఇంతసేపూ ఆ మీటల మీదే చెయ్యి పెట్టుకుని ఈ రకం వీడియో పడదన్నాడు, పాస్‌వర్డ్ అన్నాడు.

ఆమె అతని చేతికేసి చూసింది. తను చూసేసిందని అతనికీ తెలిసింది. ఇంకా ఒక అబద్ధం ఆడొచ్చు. మీట చెడిపోయిందనవచ్చు. ఆడలేదు. తల వంచుకుని, వీడియోను మళ్లీ మొదటి నుంచి పెట్టి, రెండు మీటలూ కలిపి నొక్కాడు. ఆ మాత్రం సిగ్గు ఆ మనిషిలో మిగిలిందన్నమాట.

ల్యాప్‌టాప్ తెర ఆరిపోయింది. గోడ వెలిగింది.

దోనిపల్లి కాలువ నిలువెత్తున గోడ మీదికి వచ్చింది. పగుళ్లు అరచేయి పట్టేంత వెడల్పు ఉన్నాయి. మేకలు మేస్తున్నాయి. దుమ్ము లేచింది. దుమ్ములోంచి జీపు వచ్చింది. దాని ముందు బోర్డు మీద ఆఫీసు పేరు హాల్లో చివరి వరసకు కూడా చదవడానికి వీలుగా ఉంది. హారన్ మోగింది. రాజీవ్ తల బయటికొచ్చి మేకలను జరపమని అరిచింది. తర్వాత ఆరిఫ్ కెమెరా, పెండ్లికొడుకు మొహాన్ని దగ్గరికి తెచ్చే అలవాటు చొప్పున, ముందు సీట్లోని మొహాన్ని దగ్గరికి తెచ్చింది. తెరుచుకున్న నోరు, ఊగుతున్న తల, గడ్డం మీదికి జారిన తడి, అన్నీ గోడంత వెడల్పున కనిపించాయి.

అన్నం దిక్కు లేచినవాళ్లు వెనక్కి తిరిగారు.

జగన్మోహనరావు తేరుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు. అటువంటివాళ్లు త్వరగా తేరుకుంటారు.

“తనిఖీ సార్. కాలువ లోపలి నుంచి తనిఖీ చేస్తున్నాం.”

“కండ్లు మూసుకొనా సారు?” అంది చాంద్రి.

ఈసారి నవ్వింది రైతులు. కాలువ ఆఫీసు మనుషులు కొందరు నేల చూపులు చూస్తూ, పెదవులు బిగబట్టుకుని నవ్వారు. వెంకట్రాములు నవ్వలేదు. నవ్వితే అక్కడితో అయిపోతుందని ఆయనకు తెలిసినట్టుంది. రాజీవ్‌ను అడిగాడు.

“ఇది ఎప్పటిది?”

“ఈ వారందే సార్.”

“ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కాలువలో వచ్చారు?”

“తూము కాడికెళ్లి ఊరు దాకా సార్.”

“దారిలో ఎక్కడైనా నీళ్లు అడ్డం వచ్చాయా? జీపు గట్టెక్కించవలసి వచ్చిందా?”

రాజీవ్ జగన్మోహనరావు వైపు చూడలేదు. “లేదు సార్. ఎక్కడ రాలే.”

“కూర్చోండి,” అన్నాడు వెంకట్రాములు అందరితో, తనూ కూర్చుంటూ. రాసుకునే గుమాస్తాకు నిదానంగా చెప్పాడు: ఆఖరి ఎకరం మాట కొట్టేయాలి. తూము మూయొద్దు, పూర్తిగా ఎత్తాలి. దోనిపల్లి మళ్లు తడిసిన తర్వాతే నీళ్లు ఇంకో కాలువకు. తడిసినట్టు ఆ ఊరివాళ్లు సంతకం చెయ్యాలి, ఆఫీసువాళ్లు కాదు. ఇది చెప్పి, సుజన వైపు చెయ్యి చాచాడు. ఆమెకు మొదట అర్థం కాలేదు. కళ్లజోడు తుడుచుకునే గుడ్డ కోసం. అది పసుపచ్చగా అయిపోయింది. ఉతికిస్తానంది. అక్కర్లేదని జేబులో పెట్టుకున్నాడు.

పోసవ్వ మళ్లీ లేచి నిలబడి కూతుర్ని అడిగింది: “ఇస్తరా బిడ్డ?”

“ఇస్తరు అవ్వ.”

“రాసిన్రా?”

“రాసిన్రు.”

పోసవ్వ చేతులెత్తి దండం పెట్టింది. ఏ దిక్కుకు పెట్టిందో సుజన చూడలేదు.

నీళ్లు వచ్చాయి. తూము పూర్తిగా ఎత్తిన రెండో రోజుకు, పగుళ్లన్నీ తాగినంత తాగి, మిగిలినవి ఊరు చేరాయి. చెత్తనూ, ఎండు పేడనూ ముందు తోసుకుంటూ, మురికి నురగతో వచ్చాయి. గోడ మీది నీళ్లంత అందంగా లేవు. కొంగ కూడా లేదు.

వాటి వెనకే జగన్మోహనరావు వచ్చాడు. ఆయన మారాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కాలువలో నీళ్లున్నాయి కాబట్టి ఈసారి జీపు గట్టు మీది గుంతల్లోంచే రావలసి వచ్చింది. నడుము పట్టుకుని దిగాడు. చేతిలో పళ్లెం, పళ్లెంలో పూలు, పసుపు, కుంకుమ. వెనక ఆరిఫ్, భుజం మీద కెమెరా. ఆ పనికి ఆరిఫ్‌నే మాట్లాడుకోవడానికి ఆయనకు సిగ్గనిపించలేదు. బాన్సువాడలో ఇంత బాగా తీసేవాడు ఇంకొకడు లేడని తేలిపోయింది కదా.

“ఆఖరి ఎకరానికి నీరు చేరిన శుభసందర్భం,” అన్నాడు కెమెరాతో. నీళ్లలోకి పూలు చల్లాడు. గట్టు మీద నిలబడ్డ సుజనను చూసి పలకరించాడు. “ఏమ్మా, ఈ వీడియో మన కొత్త ప్రెజెంటేషన్‌లో పెట్టాలి. నువ్వైతే ఏ ఇబ్బందీ లేకుండా ఆడేటట్టు చేస్తావు. వేణువు మాత్రం ఉండనియ్యి.”

సుజన నీళ్ల వైపు తిరిగింది. జవాబు చెబితే మాట ఖర్చు. పోసవ్వ మాత్రం ఇంట్లోంచి సత్తు చెంబుతో మజ్జిగ తెచ్చి, ముందు డ్రైవరుకూ, తర్వాత ఆరిఫ్‌కూ, రాజీవ్‌కూ, ఆఖరికి ఆయనకూ పోసింది. ఎండలో వచ్చినవాళ్లకు దాహమవుతుంది, అంతే ఆమెకు తెలిసింది. జగన్మోహనరావు రెండు గ్లాసులు తాగాడు. ఇంకా ఉందా అని చెంబులోకి చూశాడు.

పండరి పార పట్టుకుని మడి మొదట్లో గెట్టు తెంపుతున్నాడు. వంగిన మనిషి వంగినట్టే ఉన్నాడు. అతనే ఈ వీడియోకు కావలసిన రైతు అని జగన్మోహనరావుకు తోచింది. ప్యాంటు అంచులు మడుచుకుని, కాలువ నుంచి మడిలోకి పండరి కొత్తగా తవ్విన పిల్ల కాలువలో దిగి, నడుమ నిలబడ్డాడు.

“పండరీ, ఒక్కసారి ఇటు చూడవయ్యా. నవ్వుతూ చూడు. నీళ్లొచ్చాయి కదా!”

పండరి తల ఎత్తాడు. పెద్ద ఇంజినీరు కాళ్ల దగ్గర నీళ్లు అటూ ఇటూ చీలి, గెట్టు మీదికెక్కి, ఎండిన బాట మీద పడి ఇంకిపోతున్నాయి.

“జర పక్కకు జరుగుండ్రి సారు,” అన్నాడు. “నీళ్లకు అడ్డం నిలబడ్డరు.”

ఆయన జరిగాడు. నీళ్లు మడిలోకి పోయాయి.